ముప్పై ఒకటి, పిండి

రంగుల మేస్త్రీ పోయి మూడు రోజులైనా, ఐదో అంతస్తు మెట్ల మలుపులో అతని బ్రష్ పడినచోటే పడి ఉంది. నాలుగంగుళాల బ్రష్. వెంట్రుకలు ఎండి కట్టెముక్కలా బిగుసుకుపోయాయి. పక్కనే మూత తీసిన డబ్బాలో నీలం రంగు మీద తొరక కట్టింది.

"వాడు అన్నమైనా మానేస్తాడు గానీ బ్రష్ కడక్కుండా పక్కన పెట్టడండీ," అంది మేస్త్రీ అక్క.

మానేస్తాడు అనే అంది, మానేసేవాడు అనలేదు. టైంకీపరు ఆ సంగతి గమనించింది గానీ సరిదిద్దలేదు.

టైంకీపరు అన్నది ఇప్పుడామె చేసే ఉద్యోగం కాదు. ఇరవై ఆరేళ్ళు బట్టల మిల్లు గేటు దగ్గర కూర్చుని, ఎవరెన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో, ఎవరి కార్డు ఎవరు గుద్దారో కనిపెట్టిన మనిషి. మిల్లు మూతపడ్డాక డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు. మనుషులు అబద్ధాలాడతారు గానీ నిమిషాలు ఆడవని ఆమె నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పమ్మా. తొందరేం లేదు," అంది.

అక్క మెట్టు మీద కూలబడి చెప్పింది. ఆరేళ్ళ కిందట తమ్ముడు పరంజా మీంచి పడ్డాడు. నడుం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ నొప్పి పోలేదు. నొప్పి పోకపోయేసరికి మనసు కూడా దాని వెంటే మంచం పట్టింది. ఆరేళ్ళు గోడకేసి తిరిగి పడుకున్నాడు. అప్పుడెవరో పరిశోధన కేంద్రం సంగతి చెప్పారు. ఒంటి నొప్పికీ మనసు దిగులుకీ కలిపి ఒకే మాత్ర కనిపెడుతున్నారట. తొంభై మందిని తీసుకున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే పిండి మాత్ర. ఎవరికేది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. తెలిసే సంతకం పెట్టాడు. అతని నంబరు ముప్పై ఒకటి.

"రెండో నెలలో లేచాడండీ. గడ్డం గీసుకున్నాడు. కుంటుతున్న నా కుర్చీ కాలు బాగుచేశాడు. నాలుగో నెలకి పనికెళ్తానన్నాడు. ఆరేళ్ళ తర్వాత ఇదే మొదటి పని." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లేవలేని మనిషి పోతే నా ఖర్మ అనుకుందును. లేచి నిలబడ్డవాడు ఎందుకు పోతాడండీ?"

టైంకీపరు చూపు ఆమె మీద లేదు. గోడ చూస్తోంది.

గోడ ఎడమ సగం నీలం, కుడి సగం ఇంకా తెల్లగా ఉంది. రెండూ కలిసేచోట పెన్సిలుతో రాత. '31 పిండి'. కింద మూడు గీతలు. ఎంత గట్టిగా గీశాడంటే గోడ మీద గాట్లు పడ్డాయి.

ఇంకో సంగతి. ముప్పై ఒకటిలో మూడు అంకె నీలం రంగు కింద ఉంది. రంగు పడినా గాటు కనిపిస్తూనే ఉంది. ఆమె కళ్ళజోడు సరిచేసుకుని ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వంగింది. ఎడమ చేతివైపు, రంగు కింద, గీతలు ఇంకా జానెడు దూరం వెళ్ళాయి.

"అమ్మా, పైనుంచి కింది దాకా జానెడు వెడల్పు పూయడానికి మీ తమ్ముడికి ఎంతసేపు పడుతుంది?"

"వాడిప్పుడు నెమ్మదిగా చేస్తున్నాడండీ, నడుం వంగదు కదా. పది, పన్నెండు నిమిషాలు."

కింద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు ఎక్కి వస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ఫైలు.

"పొద్దున్నే వచ్చేశారేం టైంకీపరు గారూ? గోడకి హాజరు వేస్తున్నారా?"

"గోడ ఎక్కడికీ పోదు లెండి. మంగళవారం మీరెన్నింటికొచ్చారు?"

"అది మీకు అనవసరం." ఫైలు తెరిచి అక్క ముందు పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా. ఆత్మహత్య. పది యాభైకి పైనుంచి దూకడం కింద వాచ్‌మన్ చూశాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ తొయ్యలేదు."

"తోశారని నేనూ అనడం లేదు," అంది టైంకీపరు. "ఈ రాత చూశారా?"

"చూశాను. ముప్పై ఒక్క కిలోల పుట్టీ పిండి. కావలసిన సామాను రాసుకున్నాడు."

"తెల్ల పూత అయిపోయి పైన రంగు పడుతున్న గోడకి పుట్టీ ఏం చేసుకుంటాడండీ? పెళ్ళయ్యాక పెళ్ళిచూపులా?"

అక్క ఏడుస్తూనే తలూపింది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ముప్పై ఒకటి అతని నంబరు," అంది టైంకీపరు. "పిండి అంటే అతను మింగింది. అది ఎవరో ఫోన్లో చెబితే వింటూ రాసుకున్నాడు. అతని ఫోన్ మీ దగ్గరుంది. మంగళవారం ఎవరు చేశారు?"

చెప్పనని అనబోయి, అక్క మొహం చూసి, నోటు పుస్తకం తీశాడు. "పది ఇరవై రెండుకి పరిశోధన కేంద్రం నుంచి. ఆరు నిమిషాలు. పరీక్షకి రమ్మని చెప్పడానికట, నేనడిగాను. పది నలభై ఒకటికి ఇంకేదో నంబరు, నాలుగు నిమిషాలు. నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు."

"అతను మింగింది పిండి మాత్రేనని మీకెవరైనా చెప్పారా?"

"పరిశోధన కేంద్రం పెద్ద డాక్టరే చెప్పాడు. నేను శవం పక్కన ఉండగానే ఫోన్ చేశాడు. మందు తప్పేమీ లేదు, ఇతనికి ఇచ్చింది ఉత్తి పిండి, అన్నాడు. టైము కావాలా? పదకొండూ నలభై ఐదు. రాసుకున్నాను." పుస్తకం టప్‌మని మూశాడు. "నాకూ లెక్కలొచ్చు. వాళ్ళ మందు వల్ల ఎంతమంది లేచి తిరుగుతున్నారో మీకు తెలుసా? ఒక్కడు పోయాడని దాని మీద బురద చల్లితే ఊరుకోను. ఈ వ్యవహారంలో వేలు పెట్టకండి."

"వేలు కాదు, కళ్ళే పెట్టాను," అంది టైంకీపరు. అక్క వైపు తిరిగి, "సంతకం రేపు పెడుదువు గానిలే అమ్మా," అని మెట్లు దిగింది.

* * *

పెద్ద డాక్టరు గదిలో గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది. తెల్ల బల్ల, రెండు కుర్చీలు, గోడకి రెండు గుంపుల రోగుల గ్రాఫు, ఏది మందు గుంపో రాయలేదు. ఎర్ర గీత పైకి ఎక్కుతోంది, నల్ల గీత దాని వెంటే పాకుతోంది. మధ్యలో ఖాళీ పెద్దగా లేదు. డాక్టరు అరవైకి దగ్గరపడ్డ మనిషి. బక్కపలచటి మొహం, మృదువైన గొంతు. ఇలాంటి గొంతుతో చెబితే చేదు మందు కూడా తియ్యగానే దిగుతుందనుకుంది ఆమె.

"మేస్త్రీ పోవడం మా అందరికీ దెబ్బే," అన్నాడు. "కానీ ఈ జబ్బులో అదొక చిక్కుందమ్మా. కోలుకునేటప్పుడు కాళ్ళకి బలం ముందొస్తుంది, మనసుకి ఆశ తర్వాతొస్తుంది. మధ్యలో ఆ నాలుగు వారాలూ గండం. చచ్చిపోవాలని ఉన్నా లేచే ఓపిక లేనివాడికి, ముందు ఓపికొస్తుంది."

"మేస్త్రీకి ఆ నాలుగు వారాలూ ఎప్పుడో దాటాయి కదండీ? లేచి మూడు నెలలయింది."

"మనిషి మనసుకి క్యాలెండరు ఉండదు."

"సరే. ఎవరిది మందో, ఎవరిది పిండో ఎక్కడ రాసుంటుంది?"

"సీలు వేసిన కవర్లలో. తొంభై కవర్లు, రికార్డుల గది బీరువాలో. పరీక్షలన్నీ అయ్యేదాకా ఎవరూ తెరవకూడదు, నేను కూడా. ఎవరైనా చనిపోతే మాత్రం కమిటీ కూర్చుని ఆ ఒక్క కవరూ తెరుస్తుంది. మేస్త్రీది మంగళవారం సాయంత్రం నాలుగింటికి తెరిచాం. ముగ్గురి సంతకాలున్నాయి, చూసుకోండి."

కాగితం జరిపాడు. సంతకాలున్నాయి. టైము ఉంది. నాలుగు గంటల పది నిమిషాలు.

"అంటే పిండి అని మీకు తెలిసింది అప్పుడే?"

"అప్పుడే."

"మరి పదకొండూ నలభై ఐదుకి ఇన్‌స్పెక్టరు గారికి ఎలా చెప్పారు?"

డాక్టరు చేతిలో తిరుగుతున్న పెన్ను ఆగింది. రెండు క్షణాలు. మిల్లు గేటు దగ్గర పక్కవాడి కార్డు గుద్దినవాళ్ళు కూడా సరిగ్గా ఇంతసేపే ఆగేవాళ్ళు.

"ఆయన పొరబడ్డారు," అన్నాడు. "నేను సాయంత్రమే చెప్పాను." ఫోన్ అందుకున్నాడు. "ఆయన్నే పిలుస్తాను. మిమ్మల్ని బయటికి పంపే పని కూడా ఆయనే చూసుకుంటాడు."

"పిలవండి. నేనూ అదే అడుగుదామనుకున్నాను."

స్టేషను రెండు వీధుల అవతలే. ఇన్‌స్పెక్టరు ఎనిమిది నిమిషాల్లో వచ్చాడు. వస్తూనే ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"చెప్పింది చెవికెక్కలేదా మీకు? లేవండి!"

"లేస్తాను. మీ పుస్తకంలో ఆ ఒక్క గీత చదివి పంపించండి. డాక్టరు గారు మీరు పొరబడ్డారంటున్నారు."

"నేను పొరబడ్డానా?" ఇన్‌స్పెక్టరు డాక్టరు వైపు తిరిగాడు. ఆయనకి కోపం చాలా సంగతులకొస్తుంది గానీ తన పుస్తకాన్ని ఎవరైనా తప్పంటే వచ్చే కోపం వేరు. పేజీ తీసి బల్ల మీద పెట్టాడు. "పదకొండూ నలభై ఐదు. అప్పటికి శవాన్ని కదపలేదు. సాయంత్రం నాలుగింటికి నేను కోర్టులో ఉన్నాను. మీరు నాకు అప్పుడు ఫోన్ చేసే వీలే లేదు."

డాక్టరు కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మిగతా కవర్లు ఒకసారి తెప్పించండి," అంది టైంకీపరు. "తెరవొద్దు. పైనుంచి చూస్తాను, అంతే."

రికార్డులు చూసే అమ్మాయి ట్రే పట్టుకొచ్చింది. పాతికేళ్ళుంటాయి. డాక్టరు మొహం చూసింది, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. టైంకీపరు ఒక్కొక్క కవరూ తీసి అంచు మీద బొటనవేలు రాసి చూసి పక్కన పెట్టసాగింది. మిల్లులో ఓవర్‌టైము చీటీలు ఆవిరి పట్టి ఊడదీసి, మళ్ళీ అతికించి తెచ్చేవాళ్ళు. ఒకసారి ఊడిన కాగితం మళ్ళీ అతికితే అంచు అలలు తేలుతుంది. అతికించినవాడి కంటికి కనిపించదు గానీ వేలికి తెలుస్తుంది.

ఎనభై తొమ్మిదీ అయ్యేసరికి అలా అంచు తేలినవి తొమ్మిది కవర్లు విడిగా ఉన్నాయి.

"మేస్త్రీదీ కలుపుకుంటే పది. ఈ పదిమందీ ఎవరమ్మాయ్? నేను చెప్పనా? అందరికంటే ముందు కోలుకున్నవాళ్ళు. అవునా?"

"అవునండీ."

"వీళ్ళలో పిండి ఎంతమందికి?"

"ఆరుగురికి."

టైంకీపరు గోడ మీది గ్రాఫు వైపు చూసింది. రెండు గీతల మధ్య ఇరుకు ఖాళీ. ఆమెకి డాక్టరీ రాదు, లెక్కలొచ్చు.

"పిండి తిన్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటే మందు గొప్ప ఏముంది? తేడా కనిపించాలంటే మందు తిన్నవాళ్ళు లేవాలి, పిండి తిన్నవాళ్ళు పడాలి. లేవడం మీ చేతిలో లేదు. పడెయ్యడం మాత్రం ఉంది. మేస్త్రీ దూకేదాకా వచ్చింది అలాగే. ఆఖరి పరీక్ష ఎప్పుడు డాక్టరు గారూ?"

అమ్మాయే చెప్పింది. "రేపండీ." అని ఏడుపు మొదలుపెట్టింది. "నేను చెడ్డపని చేశాననుకోలేదండీ. ఎవరేం తింటున్నారో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది, దాచడం పాపం, ఒక్కొక్కరికీ మర్యాదగా చెప్పు అన్నారు సార్. మాటలు కూడా రాసిచ్చారు. మేస్త్రీ గారు జారిపడ్డారనే చెప్పారు నాకు. దూకారని నాకిప్పటిదాకా తెలియదు."

"అతనేమన్నాడు ఫోన్లో?"

"ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. నేను తిన్నదంతా పిండేనా అన్నారు. అవునన్నాను. తర్వాత నవ్వారండీ. సరేలే తల్లీ, గోడ ఎండిపోతోంది, ఉంటా, అన్నారు."

డాక్టరు ఇటు తిరిగాడు. మొహంలో భయం లేదు. అలసట ఉంది.

"పధ్నాలుగేళ్ళు," అన్నాడు. "మా తమ్ముడు కూడా గోడకేసి తిరిగే పోయాడు. వాడి కోసం మొదలుపెట్టాను. ఈ మందు పనిచేస్తుంది, నాకు తెలుసు. ఆరుగురి నమ్మకం అడ్డొచ్చి ఇది మూలపడితే రేపు ఎన్ని వేలమంది గోడకేసి తిరుగుతారో లెక్కేశారా? నేనెవర్నీ తొయ్యలేదు. విషం పెట్టలేదు. ఉన్న నిజం చెప్పించాను. ఇన్‌స్పెక్టరు గారూ, నిజం చెప్పడం ఏ సెక్షన్ కింద నేరం?"

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. "కవర్లు తెరవడం మీ నిబంధనలకి విరుద్ధం కావచ్చు. దానికి మీ కమిటీ ఉంది. నా ఫైలులో రాయడానికి మాత్రం..." టైంకీపరు వైపు చూసి చేతులు చాచాడు. "ఏం రాయమంటారు? నిజం విని తట్టుకోలేకపోయాడు. అంతేగా?"

"తట్టుకున్నాడు," అంది టైంకీపరు.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఫోన్లో వింటూ గోడ మీద రాశాడు. కోపంతోనో బాధతోనో మూడు గీతలు గీశాడు. పది ఇరవై ఎనిమిదికి ఫోన్ పెట్టేశాడు. తర్వాత బ్రష్ తీసుకుని ఆ రాత మీదే రంగు వేస్తూ వచ్చాడు. జానెడు వెడల్పు, పైనుంచి కింది దాకా. పన్నెండు నిమిషాల పని. పిండి అని తెలిసీ పనిలో పడ్డ మనిషి అతను. పది నలభై ఒకటికి ఇంకో ఫోన్ వచ్చింది. నాలుగు నిమిషాలు. దాని తర్వాతే బ్రష్ కింద పడింది. ఆ ఫోన్లో ఏం చెప్పారో, అదీ నిజమేనేమో డాక్టరు గారినే అడగండి."

"ఆ నంబరుకీ నాకూ సంబంధం లేదు," అన్నాడు డాక్టరు.

టైంకీపరు అమ్మాయి భుజం మీద చెయ్యేసింది. "ఇంకా ఎవరెవరికి చేశావు తల్లీ?"

"బుధవారం ఎనిమిదో నంబరు తాత గారికి. ఆయన పకపకా నవ్వారు. పిండైతే మరీ మంచిది, ఇక ఇంట్లోనే చేసుకుంటా, అని తిట్టి ఫోన్ కట్టేసి నంబరు కూడా ఆపేయించుకున్నారు. ఇవాళ పొద్దున తొమ్మిదీ పదికి పదిహేడో నంబరు. పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులు, భర్త పోయిన దిగులు. ఇంకా ముగ్గురున్నారు. భోజనాల తర్వాత చెయ్యమన్నారు."

ఇన్‌స్పెక్టరు చేతిలోంచి పుస్తకం జారింది.

"ఎంత? ఏ నంబరు?"

"పదిహేడండీ."

అతని మొహంలో రక్తం ఒక్కసారిగా దిగిపోయింది. అంతవరకూ ఆ మనిషి ఆ మందుని ఎందుకు వెనకేసుకొస్తున్నాడో టైంకీపరుకి అప్పుడు అర్థమయింది.

"మా అమ్మ," అన్నాడు. అప్పటికే ఫోన్ తీసి నొక్కుతున్నాడు. వేళ్ళు తప్పుతున్నాయి. బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి ఎత్తారు.

"ఏం నాన్నా, ఈ వేళప్పుడు?"

"అమ్మా, ఎక్కడున్నావు?"

"పైన, డాబా మీద. బట్టలు ఆరేద్దామని వచ్చా." గొంతులో ఎత్తుపల్లాలేమీ లేవు. "నీకు తెలుసా నాన్నా? నాది మందు కాదట. పిండట. పొద్దున ఎవరో అమ్మాయి చెప్పింది. పోనీలే, నొప్పి తగ్గింది కదా అనుకుని బట్టలు ఉతుక్కున్నా. పైకొచ్చి ఆరెయ్యబోతుంటే డాక్టరు గారే స్వయంగా ఫోన్ చేశారు."

"ఏ డాక్టరు?"

"మన పెద్ద డాక్టరు గారే రా. ఆయన గొంతు నాకు తెలియదా? పిండితో లేచిన వాళ్ళు మళ్ళీ పడిపోతారమ్మా, పడితే ఇక ఏ మందూ పట్టదు, మీ ఒళ్ళు మందుని నమ్మడం మానేసింది, అన్నారు. పాపం చాలా బాధపడ్డారు. అప్పట్నుంచీ కాళ్ళు కదలట్లేదు నాన్నా. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డా. మీ నాన్నకి ఎంత తొందరగా పని అయిపోయిందో అనిపిస్తోంది."

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంతసేపూ ఎవరి మీదైనా అరవగలిగిన గొంతు అది.

టైంకీపరు ఫోన్ ముందుకి లాక్కుంది. "బాబూ, కింద వాటాలో ఎవరుంటారు? వాళ్ళకి ఈ అమ్మాయి ఫోన్ లోంచి చెయ్యి. పైకి పరిగెత్తమను." తర్వాత ఫోన్లోకి, పక్కింటావిడతో మాట్లాడినట్టు, "వదినా, నేను మీ అబ్బాయితో పనిచేసేదాన్ని. డాబాకి మెట్లెన్ని?"

"ఎవరమ్మా? మెట్లా... ఇరవై ఒకటి."

"మోకాళ్ళ నొప్పులతో ఇరవై ఒక్క మెట్లెక్కారు, తడిబట్టల బకెట్టుతో. ఎవరెక్కించారు?"

"ఎవరెక్కిస్తారు? నేనే."

"పిండికి కాళ్ళుండవు వదినా. పిండి మెట్లెక్కదు. ఇన్నాళ్ళనుంచీ ఎక్కింది మీరే. డాక్టరు చెప్పిన రెండో మాట అబద్ధం. ఆయన నా ఎదురుగానే ఉన్నాడు, కాదనమనండి చూద్దాం." డాక్టరు కళ్ళు దించుకున్నాడు. "పిట్టగోడ వదిలి అక్కడే కింద కూర్చోండి. నిలబడి మాట్లాడ్డమేంటి, కబుర్లు చాలా ఉన్నాయి."

అవతల గాలి చప్పుడు. బట్ట రెపరెపలాడిన చప్పుడు. గడియారం ముల్లు నాలుగు నిమిషాలు దాటింది. ఆ నాలుగు నిమిషాల్లో టైంకీపరు ఆమెని ఏ బట్టలు ఉతికారో అడిగింది, ఏ సబ్బో అడిగింది, కొడుకు చొక్కాల ఇస్త్రీ మడతలు చూసి వీధంతా భయపడుతుందని చెప్పింది. చివరికి ఎవరో మెట్లు ఎక్కి ఆయాసపడుతున్న చప్పుడు, ఒక మగ గొంతు. "పెద్దమ్మా, నేను, కింద దర్జీని. ఏదీ, చెయ్యివ్వండి."

ఇన్‌స్పెక్టరు గోడకి జారగిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోలేదు. కింద పడ్డ పుస్తకం తీసి పేజీ వెతికి, తన ఫోన్లో ఒక నంబరు నొక్కాడు. మంగళవారం పది నలభై ఒకటికి మేస్త్రీకి వచ్చిన నంబరు.

బల్ల సొరుగులో ఏదో గుయ్‌మని కదిలింది.

డాక్టరు చెయ్యి సొరుగు మీదికి వెళ్ళేలోపల ఇన్‌స్పెక్టరు చెయ్యి దాని మీద పడింది. లోపల పాత చిన్న ఫోన్. అందులో మేస్త్రీ నంబరు, మంగళవారం. తన తల్లి నంబరు, ఇవాళ పది నలభై. ఇన్‌స్పెక్టరు డాక్టరు మణికట్టు వదల్లేదు. "ఇదీ నిజమేనా డాక్టరు గారూ?" అన్నాడు చాలా నెమ్మదిగా.

టైంకీపరు ఆ ఫోన్ అందుకుని నంబర్ల జాబితా కిందికి జరిపింది. తల్లి నంబరు కింద ఇంకోటుంది. ఇవాళ తొమ్మిదీ యాభై. తొమ్మిది నిమిషాలు.

"ఇదెవరిది?"

రికార్డుల అమ్మాయి తొంగి చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నలభయ్యో నంబరు. పుస్తకాలు బైండింగ్ చేసే ఆయన. కానీ నేనింకా ఆయనకి చెప్పనే లేదండీ."

పిండి అనీ, మళ్ళీ పడిపోతావనీ రెండు మాటలూ ఒకేసారి, ఆ మృదువైన గొంతులోనే చెప్పాడన్నమాట. మేస్త్రీకి దొరికిన పన్నెండు నిమిషాల వ్యవధి కూడా ఇవ్వకుండా.

టైంకీపరు తన ఫోన్లో ఆ నంబరు నొక్కింది. మోగింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. అవతల చాలామంది మాటలు, దూరంగా ఇంజను కూత.

"హలో, బైండింగ్ ఆయనేనా అండీ?" అంది.

"కాదమ్మా. నేను రైల్వే గేటు మనిషిని. ఈ ఫోను పట్టాల పక్కన మోగుతుంటే తీశాను." అతను గొంతు సవరించుకున్నాడు. "ఆయన మీకేమవుతాడమ్మా?"